బాతు నోట్లో బ్రష్షు

ఆ ఉదయం ఇంటావిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త రాతగదిలోకి వెళ్ళి తలుపు వేసుకోగానే, ఉతికిన కర్టెన్లు తగిలించేసి, ఆఖరి అధ్యాయాల దగ్గర ఆగిపోయిన డిటెక్టివ్ నవల పట్టుకుని కూర్చోవాలి. అందులో వజ్రాల వ్యాపారిని ఎవరు చంపారో తెలియక వారం రోజులుగా ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

కూర్చోవడానికి చోటే ఒక సమస్య. ఇంట్లో గాలీ వెలుతురూ వచ్చే గది ఒక్కటే ఉంది. దానికి తూర్పు వైపు పెద్ద కిటికీ, కిటికీ కింద కాళ్ళు చాపుకుని కూర్చునేంత వెడల్పు గట్టు. ఆ గది పెళ్ళయిన కొత్తలోనే సాహిత్యానికి పోయింది. అప్పట్నుంచీ ఆవిడ చదువంతా వంటింటి స్టూలు మీద, ఒక కాలు నేలమీదా ఒక చెవి రాతగది వైపూ పెట్టుకునే సాగుతోంది. ఎందుకంటే లోపల్నుంచి ఏ క్షణమైనా "ఏమోయ్, కాఫీ!" అని వినిపించవచ్చు.

భర్త బాలసాహిత్యవేత్త. జంతువుల బొమ్మల పుస్తకాలు రాస్తాడు. ఊళ్ళో చదువుకునే పిల్లలందరికీ ఆయన 'బాతు మామయ్య'. ఈ మామయ్యకి జంతువులంటే భయం, పిల్లలంటే చిరాకు. గోడమీద బల్లి కనిపిస్తే భార్యని పిలుస్తాడు. గుమ్మంలో పిల్లలు కనిపించినా భార్యనే పిలుస్తాడు. ఈ కథలో కూడా పిల్లలెవరూ కనిపించరు. బాలసాహిత్యంలో వాళ్ళ అవసరం అంతగా పడదు.

ఆయన పని చేసే తీరు చాలా క్రమబద్ధమైనది. ముందు నీతి దొరకాలి. తర్వాత జంతువు. అబద్ధం చెప్పకూడదు అనే నీతికి గుర్రం ఖర్చయింది. పెద్దలకి నమస్కారం పెట్టాలి అనేది ఏనుగుకి పడింది. వరసలో నిలబడాలి అనేది పులి నేర్చుకుంది. రోజూ పళ్ళు తోముకోవాలి అనే నీతి దొరికిన రోజుకి, కండగల జంతువులన్నీ అయిపోయి, బాతు మిగిలింది. 'బాతు పళ్ళు తోముకుంది' అనే పుస్తకం అలా పుట్టింది. బొమ్మలు వేసినాయన అంతకుముందు పళ్ళపొడి డబ్బాలకి బొమ్మలు వేసేవాడు. అందుకని బాతు నోరు తెరిచినప్పుడల్లా ముప్ఫై రెండు పళ్ళూ పెళ్ళి గ్రూపు ఫోటోలో బంధువుల్లా బారుగా నిలబడేవి.

పుస్తకం ఇంటికొచ్చిన రోజున ఆవిడ అట్ట చూసి, "ఏమండీ, బాతుకి అసలు..." అని మొదలుపెట్టింది.

"సాహిత్యాన్ని వంటింట్లోంచి చూడకోయ్," అన్నాడాయన.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పుస్తకం బళ్ళలోకి వెళ్ళిపోయింది. ఎన్ని ముద్రణలు పడ్డాయో ప్రచురణకర్తకే తెలియాలి. దానికి బాలసాహిత్య సంఘం అధ్యక్షురాలు ముందుమాట రాస్తూ, 'జంతువుల శరీర నిర్మాణాన్ని ఇంత నిశితంగా గమనించిన కలం మరొకటి లేదు' అంది. వెనక అట్టమీద రచయిత తన గురించి తనే రాసుకున్నాడు: 'ఈ బాతు మా ఇంట్లోనే ఉంది. రోజూ ఉదయం నా పక్కన నిలబడి పళ్ళు తోముకుంటుంది. నేను రాసిన ప్రతి కథా ముందు దానికే వినిపిస్తాను. అది ఓపిగ్గా చివరిదాకా వింటేనే అచ్చుకి ఇస్తాను.' అది చదివిన రోజు ఇంటావిడ కాసేపు అద్దంలో చూసుకుంది.

ఇలాంటి ఇంట్లో ఆ ఉదయం ఫోను మోగింది. ప్రచురణకర్త.

"గురువుగారూ, పంట పండింది! అధ్యక్షురాలమ్మ ఈ సాయంత్రమే మీ ఇంటికొస్తున్నారు."

"నన్ను చూడ్డానికా?"

"మిమ్మల్ని కాదండీ, బాతుని."

సంగతేమిటంటే బాలల భవనానికి కొత్త డైరెక్టరు కావాలి, ఎంపిక అధ్యక్షురాలిదే. ఆఖరి వడపోతలో ఇద్దరే మిగిలారు. ఒకరు మన బాతు మామయ్య. రెండోవాడు కోతి కథలు రాసే పెద్దమనిషి. ఆయనకి నిజంగానే ఒక కోతి ఉంది. అదే ఆయన కొంప ముంచింది. నిన్న అధ్యక్షురాలు ఆయన ఇంటికి వెళితే, కోతి ఆవిడ విగ్గు లాక్కుని బీరువా ఎక్కిందట. 'నాకు కాస్త మర్యాద తెలిసిన జంతువుని చూపించండి' అని ఆవిడ అడిగిందట.

"పళ్ళు తోముకునే బాతుకన్నా మర్యాద ఎవరికుంటుంది గురువుగారూ? నేను ముందే వచ్చేస్తా. బాతు బ్రష్షు పట్టుకున్న ఫోటో ఒకటి కొట్టి ఆవిడ చేతిలో పెడితే, డైరెక్టరు కుర్చీ మనదే."

ఆయన ఫోను పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆ గుమ్మందాకా ఆయన రావడం అరుదు.

"ఏమోయ్, సాయంత్రానికి ఒక బాతు కావాలి."

"వండటానికా?"

"పెంచుకోడానికి."

"సాయంత్రం దాకానా?"

"పుస్తకం వచ్చిన దగ్గర్నుంచీ, ఎనిమిదేళ్ళుగా పెంచుకుంటున్నట్టు ఉండాలి."

ఆవిడ పక్కకి తిరిగి నవ్వుకుని, గరిట పక్కన పెట్టి, "మీకు ఆ ఉద్యోగమొస్తే భవనానికి వెళ్ళి కూర్చోవాలా?" అని అడిగింది.

"మరి? పెద్ద గది. గుండ్రటి బల్ల. గంట కొడితే బంట్రోతు. రోజూ పదింటికెళ్తే ఐదింటికి ఇల్లు చేరడం."

ఇంటావిడకి ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందంటే, పెళ్ళిచూపుల్లో కూడా ఆయన ఇంత తియ్యని మాట అనలేదు. పది నుంచి ఐదు దాకా! తూర్పు కిటికీ, వెడల్పు గట్టు, వజ్రాల వ్యాపారి. ఆవిడ పొయ్యి ఆర్పేసి చెప్పులేసుకుంది.

వెనక వీధిలో, పెరట్లో సిమెంటు తొట్టి కట్టి బాతుల్ని పెంచే ఒక పెద్దావిడ ఉంది. ఇంటావిడ ఆమెని పిన్నిగారూ అని పిలుస్తుంది. పిన్నిగారు లోకంలో ఎవరినైనా ఒక మాట అంటుంది కానీ, తన బాతుల్ని అననివ్వదు.

"ఇదిగో అమ్మాయ్, తెల్లదాన్ని తీసుకుపో. నెమ్మదస్తురాలు. మెడ పట్టుకోకు, రెక్కలతో కలిపి చంకన పెట్టుకో. పక్కన నీళ్ళ గిన్నె ఉంచు. ఇంతకీ అల్లుడుగారికి బాతెందుకు?"

"పళ్ళ... పనుందట పిన్నిగారూ," అంది ఇంటావిడ.

బాతు ఇంట్లో అడుగుపెట్టగానే బాతు మామయ్య కుర్చీ ఎక్కాడు.

"అదేంటోయ్, తల పక్కకి తిప్పి ఒంటి కంటితో చూస్తోంది?"

"బాతులు అలాగే చూస్తాయండీ."

"ఎనిమిదేళ్ళుగా పెంచినవాణ్ణి, నన్నూ అలాగే చూస్తుందా?"

"ఎనిమిదేళ్ళు చూసినవాళ్ళెవరైనా అలాగే చూస్తారు."

ఇంతలో ప్రచురణకర్త మెళ్ళో కెమేరా, చేతిలో కొత్త నీలం బ్రష్షుతో దిగాడు. మగవాళ్ళిద్దరూ ధైర్యం ఒకరికొకరు అప్పిచ్చుకుని బాతుని బల్లమీద నిలబెట్టారు. పట్టుకున్నది మాత్రం ఇంటావిడే. ప్రచురణకర్త రెండు వేళ్ళతో బాతు ముక్కు పైకీ కిందకీ విడదీశాడు. రచయిత బ్రష్షు పట్టుకుని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"పళ్ళేవీ?"

ప్రచురణకర్త టార్చి వేసి చూశాడు. "లేవు గురువుగారూ!"

"కిందవి?"

"కిందా లేవు. ఇదుగో, అంచుల్లో రంపంలా సన్నగా ఏవో గాట్లున్నాయి."

"అయ్యో, అవి అరిగిపోయిన మొదళ్ళు!" అన్నాడు రచయిత. "పళ్ళన్నీ ఊడి, చిగుళ్ళే మిగిలాయి. ఎంత ముసలిదై ఉంటుందో!"

"ఏమండీ, బాతులకి అసలు..."

"నువ్వుండవోయ్. ఇక్కడ పళ్ళే లేక మేం ఏడుస్తుంటే!"

ఆవిడ ఉండింది. మరోసారి చెబుదామని నోరు తెరిచింది. "వదినగారూ, బాతు జారిపోతుంది, గట్టిగా పట్టుకోండి," అన్నాడు ప్రచురణకర్త. ఆవిడ మళ్ళీ ఉండింది. తన గది తనకి దక్కాలంటే ఈయనకి ఉద్యోగం రావాలి. ఉద్యోగం రావాలంటే ఈయనకి సంగతి తెలియాలి. తెలియాలంటే వినాలి. ఆ ఇంట్లో ఆ మూడోదే ఎప్పుడూ జరగదు.

బాతుని వెనక్కి పంపించారు. పళ్ళు లేవని చెప్పి ఒక పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకని, రచయిత సున్నితంగా, "ముసలిదాన్ని అంటగట్టారు, కాస్త పడుచుదాన్ని ఇప్పించండి" అని కబురు చేయించాడు. పిన్నిగారు పడుచుదాన్ని చంకన పెట్టుకుని స్వయంగా వచ్చింది.

"ఏం అల్లుడుగారూ, నా తెల్లది ముసలిదా? ఇవాళ పొద్దున గుడ్డు పెట్టింది! ముసలివాళ్ళు పెడతారా గుడ్లు?"

"తప్పైపోయింది పిన్నిగారూ," అన్నాడు రచయిత కుర్చీ మీద నుంచే.

పిన్నిగారు అటు వెళ్ళగానే పడుచుదాని నోరు తెరిచారు. పళ్ళు లేవు. ప్రచురణకర్త పెరటి గోడ దాకా వెళ్ళి, బిస్కెట్టు ముక్క ఆశ చూపించి, అవతల పిన్నిగారి తొట్టిలో ఉన్న ఇంకో రెండు బాతుల నోళ్ళు తొంగి చూసొచ్చాడు. వాటికీ లేవు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. చదువుకున్నవాళ్ళు కాబట్టి ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అన్నిటికీ ఒక్కసారే ఊడాయంటే..."

"అంటువ్యాధే గురువుగారూ!"

పశువుల ఆస్పత్రికి ప్రచురణకర్తే ఫోను చేశాడు. సాహిత్యంలో ఉన్నవాడు కాబట్టి సంగతి సూటిగా చెప్పలేదు. "మా వీధి బాతులకి నోట్లో ఘోరం జరిగిపోయిందండీ. ఉండాల్సినవేవీ లేవు. అంచులన్నీ తినేసినట్టున్నాయి."

"ఎన్ని బాతులకి?" అన్నాడు అవతల డాక్టరు, గొంతు మారిపోయి.

"చూసినవాటన్నిటికీ."

"మనుషులెవరైనా ముట్టుకున్నారా?"

"ఒక రచయిత ముట్టుకున్నారండీ."

"ఆయన్ని ఎవరినీ ముట్టుకోవద్దని చెప్పండి. వస్తున్నా."

ఆ తర్వాత ప్రచురణకర్త పెరటి గోడ మీదుగా పిన్నిగారికి కూడా, పళ్ళ మాట ఎత్తకుండా, "మీ బాతులకి నోటి జబ్బండీ, డాక్టరుగారు మా దగ్గరికే వస్తున్నారు" అని ఉపకారం చేశాడు. పిన్నిగారు గుండెలు బాదుకుంది. డాక్టరు ఎక్కడికొస్తే రోగులు అక్కడే ఉండాలి కదా. చేతికర్ర తీసుకుని తన బాతులన్నిటినీ తోలుకుని బయల్దేరింది. అవి వరసగా, ఒకదాని వెనక ఒకటి, పిరుదులు తిప్పుకుంటూ వీధి దాటి, గేటు దాటి, హాల్లోకి వచ్చేశాయి. వరసలో నిలబడటం ఆ పులి వీటి దగ్గరే నేర్చుకుని ఉండాలి.

హాల్లోకి రాగానే వరస చెదిరింది. నాలుగు సోఫా ఎక్కాయి. రెండు నీళ్ళ చప్పుడు విని స్నానాలగదికి వెళ్ళాయి. మిగతావి నేరుగా రాతగదిలోకి నడిచి, తూర్పు కిటికీ కింద గట్టు మీద కూర్చున్నాయి. ఇల్లాలికి ఇన్నేళ్ళుగా దొరకని చోటు వాటికి ఎవర్నీ అడక్కుండానే దొరికింది. బాతు మామయ్య బల్ల ఎక్కాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి అధ్యక్షురాలు వచ్చింది. విగ్గు మీద, జాగ్రత్త కోసం కాబోలు, గట్టిగా ఒక స్కార్ఫు కట్టుకుంది. హాలంతా కలియజూసింది. చేతులు జోడించింది.

"ఇన్ని బాతులా! పుస్తకంలో ఒక్కటే అని రాశారే! ఎంత వినయమండీ మీది!"

"ఏదో... నా పిచ్చి," అన్నాడు రచయిత బల్లమీంచి.

"మీరేంటండీ, అక్కడ నిలబడ్డారు?"

జవాబు ఆవిడకే దొరికింది. "అర్థమైంది. వాటికి ఇరుకవుతుందని నేలంతా వదిలేశారు! అక్కడ ఆ కోతాయన ఉన్న ఒక్క కుర్చీ కూడా నాకివ్వలేదు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మూలన పిన్నిగారు ఒక బాతుని ఒళ్ళో పెట్టుకుని, "నా తల్లీ, నీకేమైందే, నీ నోటికేమైందే" అని రాగం తీస్తోంది.

"ఈమె?"

"బాతుల ఆయా," అన్నాడు రచయిత చప్పున.

రాగం ఆగిపోయింది. "ఎవరయ్యా ఆయా?"

"మనసు కష్టపెట్టుకుంది పాపం," అని ప్రచురణకర్త అందుకున్నాడు. "బాతులకి కాస్త నలతగా ఉందండీ. అందుకే ఇవాళ పళ్ళు తోముకునే కార్యక్రమం..."

"అయ్యో, అది చూద్దామనే వచ్చాను! ఒక్క బాతైనా తోముకోదూ?"

ఇంటావిడ అధ్యక్షురాలికి కాఫీ ఇచ్చి, గిన్నెలో నీళ్ళు మార్చి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. గేటు దగ్గర బండి ఆగింది. మొహానికి ముసుగు, మోచేతుల దాకా తొడుగులు వేసుకుని డాక్టరు దిగాడు. దిగీదిగగానే గేటుకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు.

"నేను చూసేదాకా ఈ ఇంట్లోంచి ఎవరూ కదలకూడదు!"

"నేను అతిథినండీ," అంది అధ్యక్షురాలు.

"బాతుని ముట్టుకున్నారా?"

"ఒకటి నా ఒళ్ళో కూర్చుంది."

"అయితే కూర్చోండి."

డాక్టరు ఒక్కొక్క బాతునే చంకలోకి తీసుకుని నోరు తెరిచి, దీపం వేసి, నాలుక ఎత్తి చూశాడు. సోఫా మీదవాటిని చూశాడు. గట్టు మీదవాటిని చూశాడు. స్నానాలగదిలోవి బకెట్టులోంచి రానంటే, ఆయనే వంగి బకెట్టులోనే చూశాడు. పిన్నిగారు మూలన ముక్కు చీదుతూనే ఉంది. చివరికి ఆయన ఒక బాతుని చంకన ఉంచుకునే ముసుగు కిందకి లాగి, నిలబడి, చికాకుగా అందర్నీ చూశాడు.

"బాతులు గుండ్రాళ్ళలా ఉన్నాయి. జబ్బేదీ?"

"అదేంటండీ!" రచయిత బల్ల దిగకుండానే ముందుకి వంగాడు. "ఒక్కదానికైనా పళ్ళున్నాయా?"

"బాతులకి పళ్ళుండవు కదండీ."

సోఫా మీది బాతు ఒకటి చిన్నగా గొణిగింది.

"ఏ బాతుకీనా?" అన్నాడు రచయిత మెల్లగా.

"ఏ బాతుకీ."

"పెంపుడు బాతుకి కూడా?"

"పెంచితే పళ్ళు రావండీ."

ప్రచురణకర్త ముందుకొచ్చాడు. ఆయన మొహం తెల్లబడింది. "చిలకకుంటాయి కదండీ?"

"చిలకకీ ఉండవు."

ప్రచురణకర్త సోఫాలో రెండు బాతుల మధ్య కూలబడ్డాడు. "చిలక అచ్చులో ఉంది," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

పిన్నిగారికి ఇప్పుడు సంగతి పూర్తిగా అర్థమైంది. "ఇందుకా అల్లుడుగారూ, నా తెల్లదాన్ని ముసలిదన్నావు! పళ్ళు చూసి పిల్లనిచ్చేవాళ్ళని చూశాను కానీ, బాతుకి పళ్ళు చూసేవాణ్ణి నిన్నే చూశాను!"

డాక్టరు తొడుగులు విప్పుతూ బల్లమీద పుస్తకం చూశాడు. మొహం విప్పారింది. "అరె, ఈ పుస్తకమా! ఇది రాసింది మీరేనా? మా అమ్మాయికి రోజూ నేనే చదివి వినిపిస్తానండీ. పేజీ చూడకుండా అప్పజెబుతాను. 'పై పళ్ళు తోమింది, కింది పళ్ళు తోమింది, తళతళ మెరిసింది బాతమ్మ నవ్వు...'"

అక్కడ ఆగిపోయాడు. పుస్తకం వైపు చూశాడు. చంకలో ఉన్న బాతు వైపు చూశాడు. మళ్ళీ పుస్తకం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మరి మీరెప్పుడూ..." అన్నాడు ప్రచురణకర్త ఆశగా.

"ఆస్పత్రి వేరు, ఇల్లు వేరండీ," అన్నాడు డాక్టరు, బాతుని దించేసి.

అధ్యక్షురాలు ఒళ్ళో బాతుని పక్కకి జరిపి లేచింది. ముందుమాటలో తను రాసిన 'శరీర నిర్మాణం' అన్న మాట ఆవిడ మొహంలో అక్షరం అక్షరం కనిపిస్తోంది. "దీనికి నాచేత ముందుమాట రాయించారు. బళ్ళన్నిటికీ నాచేత సిఫారసు చేయించారు. రేపు ఇది బయటికొస్తే, నా విగ్గు లాగింది ఒక్క కోతే అనుకోరు. ఆ కోతాయనకే ఫోను చేస్తాను. కోతికి కనీసం పళ్ళున్నాయి. నేను చూశాను."

ఇంటావిడ రాతగది వైపు చూసింది. తూర్పు కిటికీ, వెడల్పు గట్టు, పది నుంచి ఐదు దాకా నిశ్శబ్దం, అన్నీ గేటు దగ్గర రిబ్బను తెగగానే వెళ్ళిపోయేలా ఉన్నాయి. భర్త వైపు చూసింది. ఆయన బల్ల మీద బొమ్మలా ఉన్నాడు. ఆవిడ ఖాళీ కప్పు అందుకుంటూ, అలవాటైన మెల్లని గొంతుతో, "అందులో అసలు సంగతే అది కదండీ," అంది.

"ఏది?" అంది అధ్యక్షురాలు.

"పళ్ళుంటే ఎవరైనా తోముకుంటారు. అందులో గొప్పేముంది? పళ్ళే లేకపోయినా, రోజూ పొద్దున్నే లేచి తోముకుంటోందంటే ఆ బాతుకి ఎంత క్రమశిక్షణ ఉండాలి?"

అధ్యక్షురాలు నెమ్మదిగా కూర్చుంది.

"నేను ముందుమాటలో చెప్పింది కూడా సరిగ్గా ఇదే," అంది.

"మరి వదినగారూ, బొమ్మలో ముప్ఫై రెండు పళ్ళున్నాయే?" అన్నాడు ప్రచురణకర్త, తన కాళ్ళు తనే నరుక్కునే అలవాటు మానలేక.

"అది బాతు కన్న కలండీ."

"ఆహా!" అంది అధ్యక్షురాలు.

"శాస్త్రపరంగా నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు డాక్టరు, ఊపిరి పీల్చుకుని. "కలలో ఉండొచ్చు."

రచయిత బల్ల దిగాడు. దిగేటప్పటికే ఆయనకి అదంతా తన ఆలోచనే అని రూఢి అయిపోయింది. "మొదట్నుంచీ నేను చెప్పదలచుకున్నది అదే," అన్నాడు గొంతు సవరించుకుని. "లేనిదాన్ని శుభ్రంగా ఉంచుకోవడమే సంస్కారం. అర్థం చేసుకునే పాఠకుడి కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశాను. ఇంట్లో వాళ్ళకి చెప్పినా అర్థం కాదు."

ఇంట్లో వాళ్ళు కాఫీ కప్పు కడగడానికి వెళ్ళారు.

తిరిగొచ్చేసరికి అధ్యక్షురాలు లేచి నిలబడి, సభలో మాట్లాడే గొంతు పెట్టేసింది. "బాలల భవనానికి డైరెక్టరు మీరే. ఇందులో రెండో మాట లేదు." ప్రచురణకర్త చప్పట్లు కొట్టాడు. బాతులు బెదిరి రెక్కలు కొట్టాయి. ఇంటావిడ గుమ్మానికి ఆనుకుని, మనసులోనే ఆ గట్టు మీద దిండు వేసుకుంది. దిండు ఏ మూల ఉండాలో కూడా అనేసుకుంది.

"అయితే ఒక్కటి," అంది అధ్యక్షురాలు. "మిమ్మల్ని ఈ మూగప్రాణుల నుంచి విడదీసి అక్కడెక్కడో భవనంలో కూర్చోబెట్టే పాపం నేను చెయ్యలేను. వాటిని చూడండి, ఎలా అల్లుకుపోయాయో మీ ఇంట్లో! పైగా ఆ భవనం వానొస్తే కారుతుంది. ఆఫీసే ఇక్కడికి వచ్చేస్తుంది. ఆ కిటికీ గది డైరెక్టరు గది. ఈ హాలు సమావేశాలకి. గుమాస్తాలు వరండాలో సర్దుకుంటారు." అని ఇంటావిడ వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా, "టీ సంగతి మీరు చూసుకుంటారు కదమ్మా," అంది.

డాక్టరు ఎర్ర రిబ్బను కత్తిరించాడు. అందరూ వెళ్ళిపోయారు. ఇంటావిడ ఒక్కతే ఎక్కడికీ వెళ్ళాల్సిన అవసరం లేకుండా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఇల్లు బాలల భవనం. గేటుకి బోర్డు ఉంది. పది గంటలకి పిన్నిగారి బాతులు వరసగా వీధి దాటి డ్యూటీకి వస్తాయి. ఐదింటికి ఇంటికి పోతాయి. తన బాతుల్ని సగౌరవంగా చూడాలనీ, తనని ఇంకెప్పుడూ ఆయా అనకూడదనీ షరతు పెట్టి పిన్నిగారు ఒప్పుకుంది. డైరెక్టరుగారు రోజంతా కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటారు. సందర్శకులు అది హుందా అనుకుంటారు. టీ మాత్రం బయటి దుకాణం నుంచి ఫ్లాస్కులో వస్తుంది. తనకి టీ పెట్టడం రాదని ఇంటావిడ మొదటిరోజే, ఒకే ఒక్క టీతో, సమావేశానికంతటికీ రుజువు చేసింది.

బాతులు ఇటు వచ్చే వేళకి ఆవిడ అటు వెళుతుంది. బాతులు లేని పెరట్లో, తొట్టి పక్కన, పిన్నిగారి మడతకుర్చీ వేసుకుని కూర్చుంటుంది. గాలి బాగా వస్తుంది. కాఫీ అడిగేవాళ్ళు లేరు. నవల ఆ మొదటి వారమే పూర్తయింది. వజ్రాల వ్యాపారిని చంపింది అతని భార్యే. ఎందుకు చంపిందో రచయిత సరిగా వివరించలేదు కానీ, ఆవిడకి వివరణ అవసరం పడలేదు.

నిన్న పిన్నిగారు ఆ పెరట్లోకే ఒక కొత్త బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చింది, డైరెక్టరుగారు పంపారని. పేరు 'పాము గోళ్ళు తీసుకుంది'. అట్టమీద పాము పది గోళ్ళకీ ఎర్రరంగు వేసుకుని నవ్వుతోంది. ఇంటావిడ పేజీ తిప్పింది.

ఈసారి ముందుమాట పశువుల డాక్టరుగారు రాశారు.